షాద్‌నగర్ నుంచి పాతబస్తీకి: సమాజాభివృద్ధి పద్ధతి చేసిన ప్రయాణం

కాచిగూడ నుంచి మహబూబ్‌నగర్ వైపు సాగే రైలు మార్గంలో యాకుత్‌పురా, ఫలక్‌నుమా స్టేషన్ల నడుమ ఉన్న చిన్న స్టేషను ఉప్పుగూడ. ఆ ప్రాంతం హైదరాబాదు పాతబస్తీలో ఏనాడో కలిసిపోయినా పేరులో ‘గూడ’ నిలిచే ఉంది. తెలుగులో అది చిన్న పల్లెకు, ఊరి శివారు ఆవాసానికి వాడే మాట. అదే మార్గంలో దక్షిణంగా పోతే షాద్‌నగర్ వస్తుంది. 1959లో ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీరాజ్ వ్యవస్థకు ఆరంభస్థానంగా పేరొందిన పట్టణమది. గ్రామాల కోసం రూపొందిన సమాజాభివృద్ధి పద్ధతి ఆ తరువాత ఎనిమిదేళ్ళకే పాతబస్తీకి చేరింది. విస్తరణ శాస్త్రం చదివేవారికి ఈ రెండవ అధ్యాయం అంతగా పరిచితం కాదు.

మొదటి అధ్యాయం తెలిసినదే. ఇటావా ప్రయోగానుభవంతో 1952 అక్టోబరు 2న దేశంలో 55 సమాజాభివృద్ధి ప్రాజెక్టులు మొదలయ్యాయి. ఒక్కొక్క దాని పరిధిలో సుమారు 300 గ్రామాలు, రెండు లక్షల జనాభా. మరుసటి ఏడాది జాతీయ విస్తరణ సేవ తోడైంది. ఇంచుమించు పది గ్రామాలకు ఒక గ్రామసేవకుడు చొప్పున నియమితుడై సేద్యం, పశుపోషణ, పారిశుద్ధ్యం, వయోజన విద్య అన్నీ తానే చూడవలసి వచ్చింది. ప్రజలు తమంతట తాము గుర్తించిన అవసరంతో పని ఆరంభించాలన్నది మూలసూత్రం. అయితే విత్తనం, ఎరువు, అప్పు చేతిలో ఉన్న ఉద్యోగి వద్దకు రైతు వాటికోసమే వస్తాడు. పై అధికారి కూడా వాటి లెక్కే అడుగుతాడు. స్థానిక చొరవను మేల్కొల్పడంలోనే ఈ కార్యక్రమం బలహీనపడిందని 1957లో బల్వంతరాయ్ మెహతా సంఘం తేల్చింది. దానికి సమాధానంగానే పంచాయతీరాజ్ వచ్చింది. ఆపై ఆహార కొరత, అధిక దిగుబడి వంగడాలు, శిక్షణ–సందర్శన పద్ధతి ఒకదాని వెంట ఒకటి వచ్చి గ్రామసేవకుని పనిని పంట ఉత్పత్తికే కుదించాయి.

ఇదే కాలంలో కేంద్ర ప్రభుత్వం ఈ పద్ధతిని నగరాలలో పరీక్షింపదలచింది. 1967లో హైదరాబాదు నగరపాలక సంస్థ పాతబస్తీలో సుమారు 50,000 జనాభాకు పట్టణ సమాజాభివృద్ధి ప్రాజెక్టును ఆరంభించింది. నిధులు స్వల్పం. పంచడానికి విత్తనమూ లేదు, ఎరువూ లేదు. సంఘ నిర్వాహకులు బస్తీల్లో ఇల్లిల్లూ తిరిగి, ఏది కావాలో అడిగి, అందులో బస్తీవాసులు భరించగల వాటా ఎంతో వారితోనే తేల్చుకొనవలసి వచ్చింది. ఈ లేమియే ప్రాజెక్టుకు మేలు చేసిందని చెప్పడం సాహసమేమీ కాదు. బాల్వాడీలు, కుట్టు శిక్షణ కేంద్రాలు, యువజన సంఘాలు అలా ఏర్పడ్డవే. గడప దాటి దూరం పోలేని స్త్రీలకు ఇంటి దగ్గరి కుట్టు కేంద్రం ఆదాయ మార్గమే కాక నలుగురితో కూర్చొని మాట్లాడుకొనే చోటు కూడా అయింది. 1970 దశకంలో యూనిసెఫ్ సహాయం లభించింది. విలియం కజిన్స్, కేథరిన్ గోయ్డర్ 1979లో ఈ అనుభవాన్ని గ్రంథస్థం చేశారు.

1980 దశకంలో బ్రిటిష్ ప్రభుత్వ సహాయంతో మురుగు కాలువలు, రోడ్లు, వీధిదీపాలు పెద్ద ఎత్తున వచ్చాయి. బస్తీలకు అవి అత్యవసరమే. అయినా గుత్తేదారుకు గడువు ముఖ్యం, సంఘానికి సమ్మతి ముఖ్యం. ఈ రెండూ ఒకే వేగంతో నడవవు. పల్లెల్లో ఎరువుల లక్ష్యం తెచ్చిన చిక్కే ఇక్కడ సిమెంటు రూపంలో ఎదురైంది.

వర్షాధార సేద్యం మీద బతికే పాలమూరు పల్లెల నుంచి కరవు సంవత్సరాల్లో నగరానికి కూలికి వచ్చే కుటుంబాలకు ఈ రైలు మార్గం పాత దారి. కుటుంబం రైలెక్కగానే వ్యవసాయ విస్తరణ వ్యవస్థ దృష్టి నుంచి తప్పిపోతుంది. దిగిన చోట పురపాలక శాఖకు అది కొత్త కుటుంబం. దాని సేద్యపు నేర్పు, అప్పు, ఊళ్ళో మిగిలిన ఎకరం, పొలం చూసుకొనే ముసలివారు ఏ శాఖ దస్త్రంలోనూ ఒకచోట కనబడరు.

గ్రామీణ వ్యవసాయ పని అనుభవంలో భాగంగా విద్యార్థులు పల్లెల్లో ఉండి, గ్రామస్థుల చేతనే సామాజిక పటం గీయిస్తారు. బడి, బావి, చెరువు, ఇళ్ళు గుర్తిస్తారు. తాళం వేసిన ఇళ్ళను కూడా వేరే రంగుతో గుర్తించి, ఆ ఇంటివారు ఏ నెలలో వెళ్ళారో, నగరంలో ఏ బస్తీలో ఉన్నారో, విత్తనాల వేళకు తిరిగి వస్తారో లేదో పక్కింటివారిని అడిగి రాసుకొనడానికి అదనంగా ఒక పూట చాలు.