చక్రాల ఇంట్లో నీటిపంపు

అమెరికా రహదారుల మీద తిరిగే మోటర్‌హోమ్‌లో వంటగది, స్నానాలగది, పడకలు అన్నీ ఉంటాయి. మేడమీద ట్యాంకు మాత్రం ఉండదు. బరువు కిందికి ఉంటేనే బండి నిలకడగా సాగుతుంది కనుక నీళ్లట్యాంకును అడుగున బిగిస్తారు. అక్కడినుంచి షవర్ దాకా నీటిని తోసేది జానెడు పొడవున్న ఓ పంపు. అది ఆగిందంటే సెలవు ప్రయాణం అక్కడితో ఆగినట్టే.

దీని వంశం ఓడల్లో మొదలైంది. ఓడ అడుగున చేరే నీటిని తోడడానికి అమెరికాకు చెందిన జేకబ్ ఎడ్సన్ 1859లో డయాఫ్రం పంపును రూపొందించాడు. సూత్రం కొలిమి తిత్తిదే: పొరను వెనక్కి లాగితే ఒక వాల్వు తెరుచుకుని లోపలికి పీలుస్తుంది, ముందుకు నొక్కితే మరో వాల్వు గుండా బయటికి తోస్తుంది. లక్షలసార్లు వంగినా చిరగని పొర కావాలంటే మంచి రబ్బరు ఉండాలి. ఎండకు జిగురెక్కని, చలికి పెళుసెక్కని రబ్బరుకు చార్లెస్ గుడ్‌ఇయర్ 1844లోనే పేటెంటు పొందాడు.

1936లో వచ్చిన ఎయిర్‌స్ట్రీమ్ క్లిప్పర్ ట్రెయిలరు తన నీటిని తానే మోసుకెళ్లింది. ఆ కాలపు ట్రెయిలర్లలో చేతిపంపు మామూలు. 1950ల మధ్యలో అమెరికన్ కార్లు 6 వోల్టుల నుంచి 12 వోల్టులకు మారాయి. బండి బ్యాటరీతోనే చిన్న మోటరు పంపును నడపడం ఆ తర్వాత తేలికైంది.

నేటి పంపులో మోటరు ఒక వాలుపళ్లాన్ని ఊపుతుంది. మూడు నాలుగు చిన్న గదుల పొరలు వంతులవారీగా కదులుతాయి. నిమిషానికి సుమారు 11 లీటర్లు తోస్తుంది. ప్రెజర్ స్విచ్ దీని తెలివి. కుళాయిలన్నీ కట్టేయగానే గొట్టాల్లో ఒత్తిడి పెరిగి, చాలా పంపుల్లో 55 పీఎస్ఐ దగ్గర, మోటరు ఆగుతుంది. కుళాయి తిప్పగానే ఒత్తిడి పడిపోయి మళ్లీ మొదలవుతుంది.

అందుకే ఈ పంపు జబ్బును చెవితో పట్టవచ్చు. కుళాయిలన్నీ కట్టేసి ఉన్నా ఉండుండి మోగుతోందా? ఎక్కడో నీరు కారుతోంది, లేదా పంపు వాల్వులో నలుసు ఇరుక్కుని ఒత్తిడి వెనక్కి జారుతోంది. ఆగకుండా మోగుతున్నా నీరు రావడం లేదా? ట్యాంకు ఖాళీ అయి ఉంటుంది, లేదా పంపుకు ముందున్న అతుకుల్లోంచి గాలి పీలుస్తోంది. అసలు మోగకపోతే ముందు ఫ్యూజు, బ్యాటరీ, వైర్లు చూడాలి.

ఈ జబ్బుల్లో చాలావాటికి మూలం పంపు ముందుండే చిన్న జాలి. ట్యాంకుకు రంధ్రాలు వేసినప్పుడు మిగిలిన ప్లాస్టిక్ తురుము, ఇసుక, పాచి అక్కడే ఆగాలి. జాలి పూడితే పంపు నీటికోసం గింజుకుంటుంది. దాని గిన్నె వదులైతే గాలి పీలుస్తుంది. శుభ్రం చేయడం ఐదు నిమిషాల పని. పంపు కట్టేసి, కుళాయి తిప్పి ఒత్తిడి వదిలించి, గిన్నె విప్పి జాలిని కడగాలి. రబ్బరు రింగు సరిగా కూర్చుందో లేదో చూసి చేత్తోనే బిగించాలి.

సన్నని వడపోత మాత్రం పంపు తర్వాతే ఉండాలి. ముందు పెడితే పీల్చేదారి ఇరుకై పంపు అలసిపోతుంది. ఉత్తేజిత కర్బనం నింపిన కార్ట్రిడ్జి క్లోరిన్ వాసనను, రుచిని లాగేస్తుంది. కానీ క్లోరిన్ పోయిన నీటికి కాపలా ఉండదు. వాడకుండా వదిలేసిన తడి కార్ట్రిడ్జిలో బ్యాక్టీరియా పెరుగుతుంది. మామూలు కర్బనం క్రిములను చంపదు కూడా. అందుకే తయారీదారు చెప్పిన గడువుకు మార్చాలి. ధార సన్నబడితే అంతకంటే ముందే మార్చాలి.

ట్యాంకును శుద్ధి చేసేటప్పుడు ముందుగా కార్ట్రిడ్జి తీసేయాలి, లేకపోతే కర్బనం బ్లీచునే మింగేస్తుంది. 57 లీటర్లకు పావు కప్పు వాసనలేని బ్లీచు కలిపి, ప్రతి కుళాయిలోనూ వాసన వచ్చేదాకా వదలాలి. కనీసం నాలుగు గంటలు ఉంచి, వాసన పోయేదాకా మంచినీటితో కడగాలి.

చలికాలం అసలు శత్రువు. గడ్డకట్టిన నీరు 9 శాతం వ్యాకోచించి పంపు తలను, ఫిల్టరు గిన్నెను పగలగొడుతుంది. నీరంతా వదిలేయాలి, లేదా మంచినీటి గొట్టాల కోసమే అమ్మే గులాబీరంగు ప్రొపిలీన్ గ్లైకాల్ ద్రవాన్ని నింపాలి. కారు రేడియేటరులో పోసే ఇథిలీన్ గ్లైకాల్ విషం. దాన్ని ఈ గొట్టాల్లో ఎన్నడూ పోయకూడదు.

అమెరికాలో మోటర్‌హోమ్ అద్దెకు తీసుకునే తెలుగు కుటుంబాలకే కాదు, మన ఇళ్లలో ఉన్నవారికీ ఇది పనికొచ్చే పాఠమే. వంటింటి ఆర్వో యంత్రాల్లో చాలావాటిలో మోగేది ఈ వంశపు 24 వోల్టుల పంపే. దాని ఆయుష్షూ వడపోత శుభ్రత మీదే ఆధారపడుతుంది. పంపు మొరాయించగానే కొత్తది కొనకండి. ముందు జాలి విప్పి చూడండి.