సోమశిల పాత బొమ్మ ఎలా దొరుకుతుంది?

సోమశిల జలాశయంలో పదేళ్ల కిందట నీళ్లు ఎంత మేర నిలిచాయో ఇప్పుడు ఎలా తెలుస్తుంది? 1988లో ఐఆర్‌ఎస్-1ఏ ఎగిరినప్పటి నుంచీ మన ఉపగ్రహాలు నేలను బొమ్మ తీస్తూనే ఉన్నాయి. షాద్‌నగర్‌లోని పెద్ద యాంటెన్నాలు ఆ సమాచారాన్ని అందుకుంటే, హైదరాబాద్‌లోని నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ దాచిపెడుతుంది.

అంత బొమ్మల గుట్టలో మన ఉదయగిరి లాంటి ఊరిని పట్టుకునేదెలా? ప్రతి బొమ్మకూ ఒక చీటీ ఉంటుంది: ఏ ఉపగ్రహం, ఏ తేదీ, నాలుగు మూలల అక్షాంశ రేఖాంశాలు, మబ్బు ఎంత శాతం. ఉదయగిరి సుమారు 14.9 డిగ్రీల ఉత్తరం, 79.3 డిగ్రీల తూర్పు. ఆ చోటు కోసం కంప్యూటర్ బొమ్మలు తెరవదు, చీటీలే చదువుతుంది. చిక్కంతా మబ్బుతోనే. ఈశాన్య రుతుపవనాలకు మన చెరువులు నిండే రోజుల్లోనే ఆకాశం మూసుకుపోతుంది! అప్పుడు మబ్బుల్లోంచి చూడగల రీశాట్ లాంటి రాడార్ ఉపగ్రహాలే దిక్కు.

తర్వాత వేర్వేరు తేదీల బొమ్మలను ఒకదానిపై ఒకటి సరిగ్గా కూర్చోబెడతారు. రిసోర్స్‌శాట్-2 ఉపగ్రహంలోని లిస్-3 కెమెరా తీసిన బొమ్మలో ఒక్క చుక్క అంటే సుమారు 14 సెంట్ల నేల. బొమ్మ కాస్త జరిగినా పక్కవాళ్ల చేను మనదైపోతుంది.

ఇక నీళ్లు. పరారుణ కాంతిని నీరు మింగేస్తుంది, అందుకే నల్లగా కనబడుతుంది. పచ్చని పైరు మెరుస్తుంది. నల్ల చుక్కలను లెక్కపెడితే సోమశిల నీటి విస్తీర్ణం వస్తుంది. కొండ నీడ కూడా నల్లగానే ఉంటుంది కదా, అందుకని ఆకుపచ్చ కాంతితోనూ పోల్చి చూస్తారు.