నెల్లూరుసీమ ప్రవాసుల వంశాన్వేషణము

తాళపత్రప్రతులలోని పాఠభేదములను పరిష్కరించు పండితునకును, దూరదేశమున స్థిరపడిన వంశముయొక్క మూలగ్రామమును వెదకు పరిశోధకునకును పని యొక్కటియే. ఇరువురకును లేఖకప్రమాదములే మొదటి యాటంకము. ఆ ప్రమాదముల తీరు నెఱుగుటయే మొదటి సాధనము. దక్షిణాఫ్రికాలోని నేటాలునకు కూలిపనికై పోయిన నెల్లూరుసీమవారి సంతతివారు నాలుగైదు తరములు గడచిన పిమ్మట తమ పూర్వుల యూరేదియని యడుగుచున్నారు. వారికి సమాధాన మొసగుటకు గల యాధారము లెవ్వి, వాని బలాబలము లెట్టివి యనునది విచారణీయము.

1860 అక్టోబరులో మద్రాసురేవు విడిచిన ట్రూరో యను నోడ 342 మంది ప్రవాసులతో నవంబరు 16వ తేదీని డర్బను చేరెను. 1866లో నిలిచిపోయిన వలస 1874లో మరల మొదలై 1911లో ముగిసెను. ఇట్లు నేటాలు చేరినవారు మొత్తము 1,52,184 మంది. వారిలో సుమారు మూడింట రెండువంతులవారు మద్రాసున నోడ యెక్కినవారే. ఒడంబడిక యైదేండ్లకు, పదియేండ్లు నిండినవారికి ఉచితముగా తిరిగివచ్చు హక్కు కలదు. 1876-78 నాటి ఘోరక్షామము నెల్లూరుసీమను గూడ పీడించినదగుటచే, అనంతరకాలపు ప్రయాణములకు గల కారణము ఊహింపరానిది కాదు.

ఓడపట్టికలే ఈ పరిశోధనమునకు మూలాధారము. ప్రతివ్యక్తికి నొక సంఖ్య నిచ్చి, పేరు, తండ్రిపేరు, వయస్సు, కులము, జిల్లా, తాలూకా, గ్రామము, దేహముపై గల గురుతులు వరుసగా వ్రాసిరి. ఇట్టి సౌకర్యము ప్రవాసులందఱకును లభింపలేదు. పదునెనిమిదవ శతాబ్దమున ఒడంబడికసేవకులై అమెరికాలోని ఆంగ్లేయుల వలసరాజ్యములకు పోయిన ఐర్లండువారి స్థితి దీనికి విరుద్ధము. ఫిలడెల్ఫియాలో దిగిన జర్మనులు పరదేశీయులగుటచే 1727 మొదలు వారిచే ప్రమాణము చేయించి పేళ్లు వ్రాసికొనిరి. ఐర్లండువారు బ్రిటిషురాజు ప్రజలే యగుటచే వారి కా పట్టికలు లేవు. స్వదేశమున మిగిలిన పత్రములలో పెక్కులు 1922లో డబ్లినునందలి పత్రభాండాగారము దగ్ధమైనప్పుడు నశించెను. అచ్చట పేరే లోపించినది. ఇచ్చట పేరు మిగిలియు వికృతమైనది.

ఈ వికృతికి ముఖ్యకారణము లిపి. రోమనులిపిని వాడిన గుమాస్తాలు ట-తలకును, డ-దలకును, ణ-నలకును, ళ-లలకును, హ్రస్వదీర్ఘములకును భేదము పాటింపలేదు. కావున అల్లూరును ఆలూరును కలిసిపోవును. గూడూరు లిపిదోషము లేకయే సందేహాస్పదము. ఆ పేరుగల యూళ్లు నెల్లూరుసీమలోనే గాక కృష్ణా, కర్నూలు సీమలలోను కలవు. తాలూకా పేరు చూడక గ్రామమును నిర్ణయించుట సాహసము.

జిల్లాపేరును నమ్ముటయందును జాగరూకత వలయును. ఒంగోలు తాలూకా 1904లో గుంటూరుజిల్లా యేర్పడువఱకు నెల్లూరులోనిది. కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతములు 1970లో ఒంగోలుజిల్లాలో చేరెను. అందు కందుకూరు 2022లో నెల్లూరునకు మరలివచ్చెను. ఆ యేడే సూళ్లూరుపేట తిరుపతిజిల్లాలో చేరెను. పట్టికలోని నెల్లూరు ఆనాటి నెల్లూరే గాని నేటిది కాదు. రేవుపేరు అంతకంటె దుర్బలమైన సాక్ష్యము: కోరంగిరేవు పేరనే బర్మాలో తెలుగువారినందఱను కోరంగీలనిరి.

అక్షరము సందేహాస్పదమైనచోట దేవతానామములు తోడ్పడును. పెంచలయ్య, పెంచలమ్మ యను పేళ్లు రాపూరు ప్రాంతమునందలి పెంచలకోన నరసింహస్వామిని స్మరింపజేయును. మాలకొండయ్య కందుకూరు ప్రాంతపు మాలకొండ స్వామి పేరు. చెంగయ్య, చెంగమ్మ యనునవి సూళ్లూరుపేట చెంగాళమ్మను, పోలయ్య, పోలమ్మ యనునవి పోలేరమ్మను తలపించును. మస్తానయ్య యను పేరు హిందూకుటుంబములందు గన్పట్టుటకు కసుమూరు దర్గాపై గల భక్తి కారణము. మాలకొండయ్య పేరులోని తొలి రెండక్షరములను జూచి కులనామమని భ్రమపడరాదు. అయినను ఇవి సూచకములే గాని నిర్ణాయకములు కావు. పెంచలయ్యలు కడపసీమలోను, చెంగమ్మలు అరవసీమలోను కలరు. తండ్రిపేరు, తాలూకా, కులము ఈ మూడును ఏకముఖముగా చూపినప్పుడే సూచన సిద్ధాంతమగును.

మిక్కిలి శోచనీయమైన నష్టము ఇంటిపేరుది. వ్యక్తినామమునే వ్రాసికొను పట్టికలో దానికి స్థానము లేకపోయెను. నేటాలులో నాయుడు, రెడ్డి, చెట్టి యను బిరుదములు కొందఱకు వంశనామములయ్యెను. మఱికొందఱకు తండ్రిపేరే వంశనామమయ్యెను. అందుచే నొక్క తాతకు పుట్టిన యన్నదమ్ముల సంతతివారు వేర్వేఱు వంశములవలె గన్పట్టుదురు. సంబంధమే లేనివారు ఒక్క వంశమువారివలె గన్పట్టుదురు. డిపోలో తమ కులమును మార్చి చెప్పుకొన్నవారును కలరని చరిత్రకారులు గుర్తించిరి.

స్వదేశమున వెదకుటయు సులభము కాదు. రైతువారీ సెటిల్మెంటు లెక్కలలో భూమిగలవారి పేళ్లే యుండును. కూలికి పోయినవారిలో పెక్కురు భూమిలేనివారు. వెంకటగిరి జమీందారీ గ్రామములకు ఆ లెక్కలును వర్తింపవు. గ్రామకరణముల పద్ధతి 1984లో రద్దగుటచే వారి కంఠస్థజ్ఞానము గూడ క్రమముగా కనుమఱుగయ్యెను. ఇక మిగులునది వృద్ధుల నోట నిలిచిన మాట: ఓడయెక్కి తిరిగిరాని పెదతాత కథ, ఆతని కొఱకు వేచిన తల్లి కథ.

ఈ కథలను సేకరించుటకు గ్రామపాఠశాలల పండితులే సమర్థులు. ఊరి యింటిపేళ్లను, గ్రామదేవతలను, పాతగ్రామనామములను లిఖించి యుంచినచో డర్బనుపట్టికలోని వికృతపదమునకు సరియైన పాఠము లభింపవచ్చును. అయితే అడుగవచ్చినవారిని సంతోషపెట్టవలెనను తొందరతో సందిగ్ధపాఠమును సిద్ధపాఠముగా చెప్పుట ద్రోహము. తప్పుడూరు చూపిన వంశమునకు నిజమైన యూరు మఱింత దూరమగును.