సంతకం పెట్టే ముందు

కాలేజీ నాటకంలో వేషం వేసి చప్పట్లు అందుకున్న ప్రతివాడికీ ఒక్కసారైనా సినిమా మీదికి మనసు పోతుంది. అందులో తప్పేమీ లేదు. అయితే ఆ కోరికనే సరుకు చేసుకొని బతికేవాళ్ళూ ఉన్నారు. ఈ మధ్య మా హాస్టలు మిత్రుడొకడు ఒక టాలెంట్ ఏజెన్సీ ఇచ్చిన కాగితాలు నాకు చూపించాడు. ఫొటోల ఆల్బమ్‌కు, 3 నెలల శిక్షణకు కలిపి 60,000 రూపాయలు ముందే కట్టాలి. ఆపైన 5 ఏళ్ళ ఒప్పందం. అవి చదివాక నాలుగు మాటలు రాయాలనిపించింది.

అసలు ఏజెంటు అంటే ఎవరు? మాది మిరప పండించే కుటుంబం. గుంటూరు యార్డులో కమీషన్ వ్యాపారి సరుకు అమ్ముడుపోయాకే తన కమీషన్ పట్టుకుంటాడు. బస్తా దిగకముందే "ముందు నాకింత ఇయ్యి, మంచి ధర ఇప్పిస్తా" అంటే ఏ రైతూ నమ్మడు. నటుల ఏజెంటు ధర్మమూ అదే. మనకు పారితోషికం వస్తేనే అతనికి వాటా. అమెరికాలో నటుల సంఘం గుర్తించిన ఏజెంట్లకు ముట్టేది మామూలుగా 10 శాతం. టాలెంట్ ఏజెన్సీ రిజిస్ట్రేషన్ ఫీజు వసూలు చేయరాదని కాలిఫోర్నియా చట్టమే చెబుతోంది.

శిక్షణ సంగతి వేరు. నటన కూడా ఒక విద్యే, నేర్పినందుకు ఫీజు న్యాయమే. 1959లో ఢిల్లీలో నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా, 1960లో పూణేలో ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ వెలిశాయి. అవి విద్య నేర్పుతాయి గాని వేషాలు అమ్మవు. "ఫీజు కడితే వేషం ఖాయం" అన్నచోటే అనుమానించాలి.

ఇక ఒప్పందం. గడువెంత, వాటా ఎంత, ఏ ఆదాయం మీద, పని ఇప్పించకపోతే బయటపడే దారేది అన్నవి చూడాలి. 18 ఏళ్ళు నిండనివారి ఒప్పందం చెల్లదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ప్రకారం ఒకరి వృత్తిని అడ్డుకునే ఒప్పందం ఆ మేరకు చెల్లదు. క్రికెటర్ జహీర్ ఖాన్ కేసులో 2006లో సుప్రీంకోర్టు, గడువు తీరాక కూడా పాత ఏజెన్సీకే మొదటి అవకాశం ఇవ్వాలన్న షరతును ఒప్పుకోలేదు. కాని గడువులోపల మాత్రం సంతకం సంతకమే. అందుకే 5 ఏళ్ళంటే తేలిగ్గా తీసుకోకూడదు.

కట్టిన ప్రతి రూపాయికీ రసీదు తీసుకోండి. చెప్పిన శిక్షణ ఇవ్వకపోతే 2 ఏళ్ళలోగా వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళవచ్చు. అన్నిటికన్నా ముందు, ఆ ఏజెన్సీ పని ఇప్పించిన ముగ్గురి పేర్లడిగి, వాళ్ళతో స్వయంగా మాట్లాడండి. ఆ పేర్లు చెప్పలేనివాడి చేతిలో నాన్న పంట డబ్బు పోయకండి.