సముద్రానికి రాత్రిపూట ఎందుకు పోవాలి?



మన గోనెగండ్ల వాళ్లకు పెద్ద నీళ్లంటే గాజులదిన్నె ప్రాజెక్టే. నేను సముద్రాన్ని మొదటిసారి చూసింది విశాఖపట్నంలో, పీజీలో చేరిన తర్వాతే. రాత్రి పడవలో పోవాలని ఫోన్లో చెబితే మా అమ్మ భయపడి, "రాత్రిళ్లు పడవెక్కేదేంది నాయనా, పగలు పోతే కాదా?" అని అడిగింది. ఆ ప్రశ్నకు జవాబే ఈ వ్యాసం.

సముద్రపు నీటిలో ఆవగింజంత, అంతకన్నా చిన్న జీవులు కోట్లాదిగా ఉంటాయి. వీటిని జంతు ప్లవకాలు అంటారు. రొయ్యల జాతికి చుట్టాలైన కోపిపాడ్లు వీటిలో ముఖ్యమైనవి. ఎన్నో రకాల చేపలకు, చేపపిల్లలకు ఇవే మేత.

ఈ ప్లవకాల తిండి ఎండ తగిలే పైనీటిలో ఉంటుంది. కానీ పగలు పైకి వస్తే చేపల కంట పడతాయి. అందుకే చాలా రకాలు పగలు లోతున చీకట్లో దాగి, పొద్దుగూకాక పైకి వచ్చి మేసి, తెల్లవారేలోగా దిగిపోతాయి. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో శబ్ద తరంగాలతో సముద్రాన్ని పరిశీలించిన వారికి, నడిసముద్రంలో నేలలాంటి పొర ఒకటి కనిపించింది. అది రాత్రి పైకి లేచేది, పగలు దిగేది. చివరికి అది నేల కాదు, జీవుల గుంపు అని తేలింది. కాబట్టి పగటి లెక్కనే నమ్మితే పైనీటిలో మేత తక్కువని పొరపడతాం.

మేము 24 గంటలు పడవలోనే ఉండి, 3 గంటలకొకసారి గరాటులాంటి సన్నని వలను నీటిలో లాగుతాం. మూతి దగ్గరి మీటరు ఎంత నీరు వలలోకి వచ్చిందో చెబుతుంది. దొరికిన జీవులను ఫార్మలిన్ కలిపిన సీసాలో వేసి, తేదీ, సమయం, లోతు పెన్సిల్‌తో రాసిన చీటీ లోపల పెడతాం. చీకట్లో వల కదిలినప్పుడు కొన్ని సూక్ష్మజీవులు నీలంగా మెరుస్తాయి. అది చూసి తీరవలసిందే.

ఒక రాత్రి వాంతులతో నీరసించి నేను ఒక చీటీపై సమయం రాయలేదు. అది ఏ జాము సీసానో ఎవరూ చెప్పలేకపోయారు. అంత కష్టమూ వృథా అయింది.

నాకు ఈత అంతంత మాత్రమే. అందుకని లైఫ్ జాకెట్ విప్పను. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ ఇచ్చే అలల సమాచారం చూడనిదే పడవ కదలదు. ఈ మాట చెప్పాకే మా అమ్మ కుదుటపడింది.

బైపీసీ చదివే తమ్ముళ్లారా, ఈ చదువు సముద్రం ఒడ్డున పుట్టినవారికే అనుకోకండి. జువాలజీ డిగ్రీతో మీరూ రావచ్చు. వచ్చాక చీటీపై సమయం రాయడం మాత్రం మరువకండి.