లంబాడీ తండాలు, వాని పంచాయతీలు

వికారాబాదునుండి తాండూరునకుఁ బోవు రైలులో అద్దములు కుట్టిన పావడలు, భుజమువఱకుఁ దెల్లని గాజులు ధరించిన లంబాడీ స్త్రీలను మన సోదరీమణులు చూచియే యుందురు. చూచి ముఖము త్రిప్పుకొనువారే హెచ్చని వ్రాయుటకు మాకు సిగ్గగుచున్నది.

వీరి పూర్వులు ఎద్దులపై ఉప్పును ధాన్యమును వేసికొని దేశములు తిరిగిన వర్తకులు. ఆ బిడారునకే తండా యని పేరు. రైళ్లు వచ్చి ఆ వ్యాపారము పోఁగా సేద్యమునకు దిగిరి. నడచు తండా నిలిచిన పల్లె యయ్యెను. ఐరోపాలోని రోమా జనులును హిందూదేశమునుండి వెడలినవారే. అచ్చట వారి బండ్లు నిలుచుటకుఁ జోటిచ్చుటయే మునిసిపాలిటీలకుఁ బెద్ద తగవు.

ఇచ్చటి తగవు వేఱు. తండా పెద్దయూరికిఁ దోకయై యుండెను. నీరు, దీపము, బాట ముందు ఊరికి, మిగిలినచోఁ దండాకు. "మా తండాలో మా రాజ్యం" అని చిరకాలము కోరఁగా, 500 మందికి మించిన తండాలను 2018లో తెలంగాణ ప్రభుత్వము ప్రత్యేక పంచాయతీలుగాఁ జేసెను. 2019 జనవరిలోఁ దొలి యెన్నికలు. స్థానములలో సగము స్త్రీలవి!

పదవి భార్యది, పెత్తనము భర్తది యగుట మన యిండ్లలో లేని వింత కాదు. అంతకంటెఁ గష్టమైనది వేఱొకటి. 2024 ఫిబ్రవరిలో గడువు తీరినది మొదలు 2025 డిసెంబరు ఎన్నికలవఱకుఁ బ్రత్యేకాధికారులే పాలించిరి. ఎన్నికైన సభ లేనిచోఁ గేంద్రపు నిధులు నిలుచును. చిన్న తండాకు సొంత పన్నుల రాబడి యెంత? బోరు చెడినచో బిందె మోయునది స్త్రీయే.

తాండూరు సంతలో లంబాడీ చెల్లెలు కనఁబడినచో, "మీ తండాకు సర్పంచి యెవరమ్మా?" యని యడిగి చూడుఁడు. తన పేరే చెప్పినను జెప్పును.