ఇంటి పనులకు కార్డ్‌లెస్ డ్రిల్ కొనాలా? బాక్స్ మీద వోల్టులు కాదు, ముందు మీ ఇంటి గోడ చూడండి

ఫోన్లు, ఇయర్‌బడ్స్ రివ్యూలు రాసుకునే నేను డ్రిల్ మెషిన్ గురించి రాయడం ఏంటి అనుకుంటున్నారా? కారణం ఉంది. బాపు రిటైర్ అయినప్పుడు ఆన్‌లైన్‌లో ఒక కార్డ్‌లెస్ డ్రిల్ సెట్ ఆర్డర్ చేసి ఇచ్చాను. బాక్స్ మీద పెద్ద అక్షరాలతో 48 వోల్టులు, రెండు బ్యాటరీలు, ముప్పై రకాల బిట్లు, ఒక సూట్‌కేస్. రేటు రెండు వేల లోపే. బీటెక్ చదివినోణ్ని, రోజూ స్పెక్ షీట్లు చూసేవాణ్ని, ఆ 48 చూసి పడిపోయాను. పేరున్న కంపెనీల డ్రిల్‌లు 12, 18 దగ్గరే ఆగిపోయినయి కదా, ఇది సూపర్ అనుకున్నా.

కరీంనగర్‌లో మా ఇంటి హాల్ కిటికీకి కర్టెన్ రాడ్ బిగించడం బాపు మొదటి పని. స్టూల్ ఎక్కి కిటికీ పైన బిట్ పెట్టాడు. పావు ఇంచు దిగి ఆగిపోయింది. "ఏందిరా గిది, గింతల్నే ఆగిపాయె?" అన్నాడు. ఇంకొంచెం గట్టిగ నొక్కు బాపు అన్నది నేనే. ఒంటి బరువంతా వేసి నొక్కాడు, బిట్ పటుక్కున విరిగింది, మనిషి ముందుకు తూలి స్టూల్ మీద నుంచి పడ్డాడు. కుడి చేతి మణికట్టులో సన్నటి చీలిక. మూడు వారాలు కట్టు. ఆ మూడు వారాలు అన్నం కూడా ఎడమ చేత్తో చెంచా పట్టుకొని తిన్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు, అదే ఎక్కువ బాధ.

తర్వాత వచ్చిన ఎలక్ట్రీషియన్ అన్న ఆ రంధ్రం వైపు ఒక్కసారి చూసి, "తమ్మీ, కిటికీ మీద ఉండేది ఇటుక గోడ కాదు, లింటెల్ బీమ్. గా ఆటబొమ్మతోని కాదు" అన్నాడు. తన మెషిన్‌తో పది సెకన్లలో రంధ్రం వేసి వెళ్లిపోయాడు. ఆ తర్వాత నేను సెలవు రోజుల్లో కూర్చొని తెలుసుకున్నదే ఈ ఆర్టికల్.

ఆ 48 వోల్టుల సంగతి

పాత డ్రిల్ బ్యాటరీని విప్పి చూశాను (మీరు విప్పకండి, షార్ట్ అయితే మంటలే). లోపల ఐదు సెల్స్ వరసగా ఉన్నాయి. ఒక లిథియం అయాన్ సెల్ మామూలు వోల్టేజ్ 3.6, ఫుల్ చార్జ్‌లో 4.2. ఐదింటిని కలిపితే 18 వోల్టులు, ఫుల్ చార్జ్‌లో 21. నిజంగా 48 వోల్టులు కావాలంటే పదమూడు సెల్స్ ఉండాలి, అవి చేతిలో పట్టే ఆ డబ్బాలో పట్టవు. ఆ స్టిక్కర్ మీద అంకె ఉట్టిదే అన్నమాట.

పేరున్న కంపెనీల్లో కూడా ఒక తికమక ఉంది, కానీ అది మోసం కాదు. డీవాల్ట్ "20 వోల్ట్ మ్యాక్స్" అని రాసేది, బాష్, మకీటా "18 వోల్ట్" అని రాసేది ఒకటే తరగతి. ఐదు సెల్స్‌నే ఒకరు లోడ్ లేనప్పుడు ఉండే లెక్కలో, ఇంకొకరు మామూలు లెక్కలో చెప్తున్నారు. అలాగే 12 వోల్ట్ అంటే మూడు సెల్స్, అసలు లెక్క 10.8.

మన పాఠకులకు అర్థమయ్యే పోలిక చెప్తా. 5000 ఎంఏహెచ్ ఫోన్ బ్యాటరీలో సుమారు 19 వాట్ అవర్ల ఎనర్జీ ఉంటుంది. 12 వోల్ట్, 2 ఏహెచ్ డ్రిల్ బ్యాటరీలో 21.6. అంటే దాదాపు మీ ఫోన్‌లో ఉన్నంతే! తేడా ఎక్కడంటే, ఫోన్ దాన్ని రోజంతా చప్పరిస్తుంది, డ్రిల్ నిమిషాల్లో తాగేస్తుంది. బిట్ గట్టి చోట ఇరుక్కున్న క్షణంలో పది, ఇరవై ఆంప్స్ లాగుతుంది. అంత కరెంట్ ఇవ్వగలిగే మంచి సెల్స్ ఖరీదు ఎక్కువ. చవక సెట్లలో అవి ఉండవు కాబట్టి లోడ్ పడగానే వోల్టేజ్ కిందికి జారుతుంది, మోటార్ నెమ్మదిస్తుంది, మనం ఇంకా నొక్కుతాం. బాపు విషయంలో జరిగింది ఇదే. అందుకే ఎంఏహెచ్ అంకె ఒక్కటే చూడటం ఫోన్‌లో మెగాపిక్సెల్స్ చూసి కెమెరా కొన్నట్టే.

గోడను బట్టి మెషిన్

హోమ్ డ్రిల్ అని ఒకే పేరుతో అమ్మేవి నిజానికి మూడు రకాలు. మొదటిది ఉట్టిగా తిరిగేది, చెక్కకు, ఇనుముకు. రెండోది ఇంపాక్ట్ డ్రిల్, సుత్తి గుర్తు ఉంటుంది. లోపల పళ్లున్న రెండు చక్రాలు ఒకదాని మీద ఒకటి జారుతూ బిట్‌ను ముందుకు వెనక్కి చిన్నగా కొడతాయి. ఇటుకకు చాలు. మూడోది రోటరీ హ్యామర్. దీంట్లో పిస్టన్ గాలిని నొక్కి ఆ గాలితో దెబ్బ వేస్తుంది, దెబ్బ చాలా బలంగా ఉంటుంది. కాంక్రీట్‌కు ఇదే. బిట్ కూడా వేరే, ఎస్‌డీఎస్ అంటారు, చక్‌లో తిప్పి బిగించడం ఉండదు, తోస్తే లాక్ అయిపోతుంది. మొదటి రెండిట్లో కాంక్రీట్‌తో కుస్తీ పడటం టైం వేస్ట్.

ఇప్పుడు మన ఇళ్లు. మా దగ్గర కొత్తగా కట్టే చాలా ఇళ్లకు సిమెంట్ రంగు బూడిద ఇటుక వాడుతున్నారు. రామగుండం ఎన్టీపీసీ లాంటి బొగ్గు ప్లాంట్ల నుంచి వచ్చే ఫ్లై యాష్‌తో చేసేది. దీనికి, ఎర్ర ఇటుకకు మంచి 12 వోల్ట్ ఇంపాక్ట్ డ్రిల్ సరిపోతుంది. 6, 8 మిల్లీమీటర్ల రంధ్రాలు సులువుగా పడతాయి. అపార్ట్‌మెంట్లలో తెల్లగా తేలిగ్గా ఉండే ఏఏసీ బ్లాక్ ఉంటే సుత్తి మోడ్ అసలు వద్దు, రంధ్రం పెద్దదై గిట్టీ ఊడి వస్తుంది. ఆదిలాబాద్ వైపు అమ్మమ్మ వాళ్లింటి లాంటి పాత ఇళ్లలో మట్టి గోడ మీద సున్నం ఉంటుంది. అక్కడ డ్రిల్ కాదు సమస్య, గిట్టీ పట్టకపోవడం. మామ ఆ గోడకు టీవీ బిగించాలంటే వద్దన్నా, టేకు దూలానికి పట్టీ కొట్టి దాని మీద బిగించాం.

కిటికీ పైన, తలుపు పైన, పిల్లర్, స్లాబ్, ఇవన్నీ కాంక్రీట్. కర్టెన్ రాడ్, ఫ్యాన్ హుక్, ఉయ్యాల అన్నీ అక్కడే వస్తాయి, అదీ మన ఖర్మ. వీటికి రోటరీ హ్యామర్ ఉన్న ఎలక్ట్రీషియన్‌ను పిలవడమే చవక. లేదంటే బ్రాకెట్‌ను లింటెల్ దాటి పక్కకు, ఇటుక ఉన్న చోటుకు జరపండి. మీ గోడ ఏంటో తెలియకపోతే చిన్న రంధ్రం వేసి పొడి చూడండి. ఎర్ర పొడి అంటే ఎర్ర ఇటుక. తెల్లగా మెత్తగా వస్తే ఏఏసీ. బూడిద రంగులో వచ్చి బిట్ ముందుకు సాగకపోతే కాంక్రీట్, ఆపేయండి.

ఇంకొకటి. కరీంనగర్ అంటేనే గ్రానైట్, ప్రతి వంటింట్లో గట్టు దాంతోనే. దానికి మామూలు మేసన్రీ బిట్, సుత్తి మోడ్ పెడితే అంచు పగులుతుంది. డైమండ్ కోర్ బిట్, నీళ్లు, నెమ్మది స్పీడ్ కావాలి. నేను ఆ పని గ్రానైట్ పనివాళ్లకే వదిలేశా.

నేను కొన్నది, ఎందుకు

షార్ట్‌లిస్ట్‌లో చివరికి బాష్ జీఎస్‌బీ 120, జీఎస్‌బీ 180 మిగిలాయి. మొదటిది 12 వోల్ట్, 30 న్యూటన్ మీటర్ల టార్క్, 10 మిల్లీమీటర్ల చక్. రెండోది 18 వోల్ట్, 54 న్యూటన్ మీటర్లు, 13 మిల్లీమీటర్ల చక్. రెండిట్లోనూ కార్బన్ బ్రష్‌ల మోటారే. బ్రష్‌లెస్ అయితే చార్జ్ ఎక్కువసేపు వస్తుంది, అరిగే బ్రష్‌లు ఉండవు, కానీ నెలకు నాలుగు స్క్రూలు బిగించే ఇంటికి ఆ అదనపు డబ్బు అనవసరం అని నా అభిప్రాయం. బ్రష్ అరిగితే మార్చుకోవచ్చు.

బాపు చేతికి 12 వోల్ట్‌ది ఇచ్చాను. పవర్ తక్కువని తెలుసు. కానీ బరువు తక్కువ, ఇప్పుడు ఆ మణికట్టుకు బరువే ముఖ్యం. దీంతో టేకు తలుపుకు గొళ్లెం, ఇటుక గోడకు షెల్ఫ్, మంచం బోల్టులు, అన్నీ అయ్యాయి. టేకులో స్క్రూ నేరుగా దింపొద్దు, ముందు సన్న బిట్‌తో దారి వేయాలి, లేదంటే తల అరిగిపోతుంది. మెషిన్ మెడ మీద ఉండే అంకెల రింగ్ క్లచ్. స్క్రూలకు చిన్న అంకె నుంచి మొదలుపెట్టి పెంచుకోండి. చాలా మంది దాన్ని ముట్టుకోరు, తర్వాత స్క్రూ తల పోయిందని మెషిన్‌ను తిడతారు.

టార్క్ అంకెల్లో కూడా చూస్కోండి, రెండు ఉంటాయి, హార్డ్, సాఫ్ట్. యాడ్‌లో పెద్దదే వేస్తారు. చెక్కలో స్క్రూ దింపేటప్పుడు పనికొచ్చేది చిన్న అంకె. రెండు కంపెనీలను పోల్చేటప్పుడు ఇది దానితో, అది దీనితో పోల్చకండి.

నిజం చెప్పాలంటే, సంవత్సరానికి పది రంధ్రాలకు మించి వేయని వాళ్లకు కార్డ్‌లెస్సే వద్దంటా. వైరున్న 13 మిల్లీమీటర్ల ఇంపాక్ట్ డ్రిల్ తక్కువ రేటులో వస్తుంది, ఇటుకలో ఇంకా బాగా దూసుకుపోతుంది. బ్యాటరీ వాడకపోయినా వయసు మీద పడుతుంది, మోటార్‌కు ఆ బాధ లేదు. స్క్రూలు ఎక్కువ బిగించేవాళ్లకే కార్డ్‌లెస్ సుఖం తెలుస్తుంది.

ఎండ, చలి, సర్వీస్

మన దగ్గర ఒక ప్రత్యేక సమస్య ఉంది. మే నెలలో రామగుండం, కరీంనగర్ వైపు 45 డిగ్రీలు కొత్త కాదు. చాలా కంపెనీల మాన్యువల్స్‌లో బ్యాటరీ చార్జింగ్‌కు పై హద్దు 35 నుంచి 45 మధ్యే ఉంటుంది. రేకుల షెడ్డులో మధ్యాహ్నం చార్జింగ్ పెట్టడం, ఎండలో బైక్ డిక్కీలో బ్యాటరీ వదిలేయడం, రెండూ దాని ఆయుష్షు తినేస్తాయి. పని అయిన వెంటనే వేడి బ్యాటరీని చార్జర్‌లో పెట్టొద్దు, అరగంట చల్లారనివ్వండి. అటు ఆదిలాబాద్‌లో జనవరి తెల్లవారుజామున ఒక అంకె డిగ్రీలకు పడిపోతుంది. కొన్ని కంపెనీలు 10 డిగ్రీల కింద చార్జ్ చేయొద్దంటాయి. పొద్దెక్కాక పెట్టుకుంటే సరి. నెలల తరబడి వాడకపోతే సగం చార్జ్‌తో ఇంట్లో చల్లటి చోట పెట్టండి.

కొనేముందు సర్వీస్ సెంటర్ ఎక్కడుందో ఫోన్ చేసి కనుక్కోండి. ఆదిలాబాద్ వాళ్లకు హైదరాబాద్ కన్నా నాగ్‌పూర్ దగ్గర, హైదరాబాద్ మూడు వందల కిలోమీటర్ల పైనే. డ్రిల్ కోసం బస్సెక్కి ఎవరూ పోరు, కాబట్టి కొరియర్ తీసుకుంటారా అని కూడా అడగండి. బ్యాటరీకి వారంటీ వేరేగా ఎంత, విడి బ్యాటరీ ఎంతకు దొరుకుతుంది అనేది బిల్లుకు ముందే తెలుసుకోవాలి. మా పాత సెట్‌కు ఐదో నెలలో బ్యాటరీ పోతే అది అమ్మినవాళ్ల లిస్టింగే కనిపించలేదు. ఆన్‌లైన్‌లో "సోలో", "బేర్ టూల్" అని ఉంటే బ్యాటరీ, చార్జర్ రావు, రేటు తక్కువని తొందరపడకండి.

రంధ్రం వేసేముందు ఇంకో సంగతి. స్విచ్‌బోర్డ్‌కు నేరుగా పైన, కింద, పక్కన ఆ వరసలో గోడలోపల వైరు పైపు ఉండే అవకాశం ఎక్కువ. అక్కడ వేయకండి. బాత్రూంలో ట్యాప్‌కు నేరుగా పైన కూడా అంతే. కళ్లద్దాలు పెట్టుకోండి. స్టూల్ వద్దు, నిచ్చెన కావాలి, కింద ఒకరు పట్టుకోవాలి.

మొన్న దసరాకు ఇంటికి పోతే బాపు తనే పొడి చూసి ఇది బీమ్ అని గుర్తుపట్టి, పెన్సిల్‌తో సున్న చుట్టి, ఎలక్ట్రీషియన్ అన్నకు ఫోన్ చేసి పెట్టాడు. పక్కింటి వాళ్లు డ్రిల్ అడిగితే మాత్రం ఇవ్వడు, తనే వెళ్లి వేసి వస్తాడు. నేను వచ్చిన ప్రతిసారీ బ్యాటరీ చార్జ్ ఎంతుందో చూపిస్తాడు.